గోడకు గొంతునిద్దాం



జూన్‌లో బడి తెరిచిన వారానికల్లా మన తరగతి గదుల గోడలు నిండిపోతాయి. పువ్వులోని భాగాలు, సౌరకుటుంబం, గుణింతాలు, ఎక్కాలు, జాతీయ నాయకుల బొమ్మలు. వాటి వెనుక ఎంత శ్రమ ఉందో నాకు తెలుసు. సొంత డబ్బుతో డ్రాయింగ్ షీట్లు కొని, స్కెచ్ పెన్నులతో పొద్దుపోయేదాకా అక్షరాలు దిద్దే టీచర్లు మన బడుల్లో ఎందరో ఉన్నారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కి ఒక మాట చెబుతున్నాను. ఆ ఛార్టు చెప్పగలిగినదంతా మొదటి వారంలోనే చెప్పేస్తోంది. ఆగస్టు నాటికి పిల్లల చూపు దాని మీద ఆగడం మానేస్తుంది. సంక్రాంతికి కూడా అదే పువ్వు, అవే భాగాలు, అదే చోటు. పిల్ల ఎదిగింది, పాఠం ముందుకు సాగింది, గోడ మాత్రం జూన్‌లోనే ఉండిపోయింది.

ఈ గోడను కదిలించడం మనందరి బాధ్యత. దానికి కావలసిన పనిముట్టు ఇప్పటికే మన ఊళ్ళో ఉంది. టీ కొట్టు గల్లాపెట్టె మీద ఉంది, కూరగాయల బండి తక్కెడ పక్కన ఉంది, పూలమ్మే అవ్వ బుట్టకు కట్టి ఉంది. ఆ నలుపు తెలుపు గళ్ళ చతురస్రాన్ని, అదే క్యూఆర్ కోడ్‌ను, స్కాన్ చేయడం చదువురాని తాతకు కూడా వచ్చు. డబ్బులు పంపడానికి ఊరంతా నేర్చుకున్న ఆ విద్యను చదువు చెప్పడానికి బడి ఎందుకు వాడుకోకూడదు? పువ్వు ఛార్టు మూలన ఒక చిన్న కోడ్ అంటించండి. దాని వెనుక అయిదో తరగతి అమ్మాయి తన సొంత గొంతుతో, మందార పువ్వును విప్పి చూస్తే తనకేం కనిపించిందో ఒక్క నిమిషంలో చెప్పనివ్వండి. ఆ రోజు నుంచి ఆ ఛార్టు ముందు పిల్లలు ఆగుతారు. మనూళ్ళో పిల్ల మాట్లాడుతోంది కాబట్టి ఆగుతారు.

బొమ్మకు గొంతు తోడవడం తెలుగు నేలకు కొత్త కాదు. చేర్యాల నకాశీ పటాలు చూడండి. గజాల కొద్దీ పొడవున్న బట్ట మీద కథంతా వరుస వరుసగా బొమ్మలై ఉంటుంది. కథకుడు ఒక్కో బొమ్మనూ చూపుతూ, పాడుతూ, మధ్యలో ఆగి విడమరుస్తూ ఊరిని కూర్చోబెడతాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేది అలాంటి పటం మీదే. పటాన్ని ఊరికే వేలాడదీస్తే సగం కథే తెలుస్తుంది. మన బడి గోడల మీద ఇన్నాళ్ళూ సగం కథే వేలాడుతోంది. మిగతా సగం చెప్పే నోళ్ళు మన తరగతుల్లోనే, మన ఊళ్ళోనే ఉన్నాయి.

ఇది జరిగే పనేనా అని అనుమానించేవారికి సోలాపూర్ జిల్లా పరితేవాడిని చూపిస్తాను. సోలాపూర్ మనకు పరాయి ఊరు కాదు, మగ్గాన్ని నమ్ముకుని వలస వెళ్ళిన తెలుగు పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా అక్కడున్నాయి. 2009లో రంజిత్‌సింహ్ దిసాలే అనే యువ ఉపాధ్యాయుడు ఆ జిల్లాలోని పరితేవాడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరారు. అప్పటికి బడి ఉన్నది పశువుల కొట్టానికీ సామాన్ల గదికీ నడుమ శిథిలమైన కట్టడంలో. పిల్లల ఇంటి భాష కన్నడం, పుస్తకాల భాష వేరు. ఆయన ముందు తాను కన్నడం నేర్చుకున్నారు. ఆ తర్వాత 1 నుంచి 4 తరగతుల పుస్తకాలను ఆ పిల్లలకు అందేలా తిరిగి తయారుచేసి, వాటిలో క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. స్కాన్ చేస్తే పద్యం వినిపిస్తుంది, పాఠం కనిపిస్తుంది, కథ మొదలవుతుంది. తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం ఆ పద్ధతిని రాష్ట్ర పాఠ్యపుస్తకాలకు తీసుకుంది. 2018లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనూ కోడ్‌లు ఉంటాయని కేంద్రం ప్రకటించింది. 2020 డిసెంబరులో దిసాలేకు 10 లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. అందులో సగం తనతోపాటు తుది జాబితాలో నిలిచిన తొమ్మిదిమంది ఉపాధ్యాయులకు పంచుతానని ఆయన అప్పుడే ప్రకటించారు.

ఈ కథలో నన్ను పట్టి నిలిపేది బహుమతి మొత్తం కాదు. కోడ్ కంటే ముందు ఆయన పిల్లల భాష నేర్చుకున్నారు. మనం అనుసరించాల్సిన వరుస అదే. ముందు పిల్ల, తర్వాత పిల్ల మాట, ఆ తర్వాతే గళ్ళ చతురస్రం.

మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో కూడా ఈ కోడ్‌లు ఉన్నాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా అనే డిజిటల్ వేదికలోని పాఠాలకు అవి దారి తీస్తాయి. మంచి పని. వాటిని వాడుకోండి. కానీ అక్కడ మాట్లాడేది ఎక్కడో స్టూడియోలో కూర్చున్న నిపుణుడు, వినేది మన పిల్ల. లక్షల పుస్తకాల్లో ఒకే కోడ్, ఒకే వీడియో. మన ఊరి చెరువు గురించి ఆ వీడియో చెప్పలేదు. మన పిల్ల వేసిన ప్రశ్నకు అది ఆగదు. తరగతి గోడ అలా కాదు. అది మన చేతిలో ఉన్న జాగా. అక్కడ మాట్లాడే హక్కు పిల్లలకు ఇవ్వాలంటే పైనుంచి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, ఏ టెండరూ అక్కర్లేదు. పుస్తకంలోని కోడ్ పిల్లకు వినిపిస్తుంది, గోడ మీది కోడ్ పిల్లను వినిపిస్తుంది. మనం పూనుకోవాల్సింది ఈ రెండోదానికి.

ఈ క్యూఆర్ కోడ్ పుట్టిన కథ కూడా వినదగ్గదే. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది. కార్ల విడిభాగాల పెట్టెల మీద బార్‌కోడ్‌లు ఒక్కోటీ చదివించలేక కార్మికులు అలసిపోతుంటే, ఎక్కువ సమాచారాన్ని ఒక్క చూపులో చదివే దారి కోసం వెతికారు. నలుపు తెలుపు రాళ్ళతో ఆడే ‘గో’ ఆట బల్ల నుంచి హారాకు ఊహ తట్టింది. మూడు మూలల్లో కనిపించే పెద్ద చతురస్రాల వల్ల ఎటునుంచి చూసినా ఫోన్ దాన్ని గుర్తుపడుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, పేటెంటు చేతిలో ఉండి కూడా ఆ సంస్థ వాడకందారుల నుంచి రుసుము అడగలేదు. అందువల్లే ఇవాళ ఏజెన్సీ గూడెంలోని ఏకోపాధ్యాయ పాఠశాల కూడా పైసా కట్టకుండా ఎన్ని కోడ్‌లయినా తయారుచేసుకోవచ్చు. ఒకరు పంచిపెట్టిన విద్య ఇది. మనం కూడా పంచిపెట్టడానికే వాడదాం.

ఇక అసలు ప్రశ్న. ఆ కోడ్ వెనుక ఏం పెట్టాలి? మన పని అంతా ఇక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో వీడియో లింకు తెచ్చి తగిలిస్తే, మూగ ఛార్టు పక్కన పరాయి గొంతు పెట్టినట్టే. ఓఈఆర్ కామన్స్ అనే పేరున్న ఉచిత పాఠ్యసామగ్రి భాండాగారంలో 92 శాతం ఇంగ్లీషులోనే ఉందని 2023 యునెస్కో విద్యా నివేదిక లెక్కచెప్పింది. తెలుగు పిల్ల వినదగ్గది, చూడదగ్గది కావలసినంత అక్కడ లేదు. ఎవరో చేసి పెడతారని ఎదురుచూస్తే మరో పదేళ్ళు గడుస్తాయి. చేయాల్సింది మనమే, మన పిల్లలతోనే.

ఒకటో తరగతి గోడ మీది అక్షరమాల ఛార్టుతో మొదలుపెడదాం. ల, ళ. న, ణ. శ, ష, స. క, ఖ. ఈ తేడాలు కంటికి కనిపిస్తాయి కానీ చెవికి ఎన్నిసార్లు వినిపిస్తున్నాం? ‘కల’ వేరు, ‘కళ’ వేరు అని బొమ్మ చెప్పలేదు, నోరే చెప్పాలి. వరుసకో కోడ్ పెట్టి, బాగా పలికే నాలుగో తరగతి పిల్లల చేత ఆ వరుస పలికించి రికార్డు చేయండి. అదే ఛార్టును చిన్నదిగా ముద్రించి ఇంటికి పంపితే, తాను బడి ముఖం చూడని తల్లి కూడా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించగలదు. బిడ్డకు అక్షరాలు దిద్దించలేకపోతున్నానని లోలోపల కుమిలే తల్లులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతికి ఈ సాయం అందాలి.

పక్షుల ఛార్టు ఉందనుకోండి. పాలపిట్ట, గోరువంక, కోయిల, జెముడుకాకి. తెల్లవారుజామున చెరువు గట్టు మీదికి పిల్లల్ని తీసుకెళ్ళండి, పక్షి కూతలు వాళ్ళనే రికార్డు చేయనివ్వండి. కోడ్ స్కాన్ చేస్తే ముందు కూత వినిపించాలి, పేరు వినిపించకూడదు. విన్నవాళ్ళు ఏ పిట్టో పోల్చుకుని గోడ మీద చీటీ అంటించాలి. అప్పుడు ఆ ఛార్టు ప్రశ్న అడుగుతుంది. కోడ్ వెనుక జవాబు దాచడం కంటే ప్రశ్న పెట్టడం ఎప్పుడూ మేలు. వెళ్ళి చూసి రా, ముట్టుకుని రా, కొలిచి రా, అమ్మను అడిగి రా. పిల్లను ఫోన్‌లోంచి బయటి లోకంలోకి పంపే మాట ఏదో ఒకటి చివర ఉండి తీరాలి.

సాంఘికశాస్త్రం గోడ మీద భారతదేశ పటం ఉంటుంది, రాష్ట్ర పటం ఉంటుంది, మన ఊరి పటం ఉండదు. అది పిల్లలు గీయాలి. గీసిన పటం మీద చెరువు దగ్గర ఒక కోడ్, రచ్చబండ దగ్గర ఒకటి, పాత బురుజు దగ్గర ఒకటి. చెరువు కోడ్ వెనుక నీరటికాడి మాట ఉండాలి. తూము ఎప్పుడు ఎత్తేవాళ్ళు, మత్తడి దుమికిన ఏడాది ఊరు ఎలా పండగ చేసుకుంది, ఏ ఆయకట్టుకు ముందు నీళ్ళు వదిలేవాళ్ళు. కృష్ణా గోదావరి డెల్టా ఊళ్ళలో అయితే కాలువ లస్కరు ఉంటాడు, షట్టర్ల సంగతి అతన్ని మించి ఎవరికీ తెలియదు. రాయలసీమలో అయితే కరువు ఏళ్ళలో గంజి కేంద్రాల జ్ఞాపకాలు విన్న పెద్దలు ఇంకా మిగిలి ఉన్నారు. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. చెప్పే మనుషులు మాత్రం ఏటా తగ్గిపోతున్నారు. ఇవాళ రికార్డు చేయకపోతే ఇంకో పదేళ్ళ తర్వాత ఎంత పెద్ద ఫోన్ ఉన్నా ఎవరి దగ్గర రికార్డు చేస్తాం?

వృత్తుల ఛార్టుకూ ఇదే మాట. పోచంపల్లి పిల్ల తన తల్లి చిటికి కట్టే తీరు అడిగి చెప్పాలి. కొండపల్లి పిల్లవాడు తెల్లపొణికి చెక్కను ఎందుకు వాడతారో తాతను అడిగి రావాలి. మగ్గం చప్పుడు, కొలిమి చప్పుడు, సారె తిరిగే చప్పుడు తరగతి గోడలోంచి వినిపించాలి. తన ఇంటి పని గురించి బడిలో నోరు విప్పడానికి సిగ్గుపడే పిల్ల, అదే పని గోడకెక్కి టీచరు చెవిన పడిన రోజు తల ఎత్తుకుని తిరుగుతుంది. ఒక్క ఈ ఫలితం కోసమైనా మనం ఈ పనికి పూనుకోవాలంటాను.

గణితం టీచర్లకు ఒక విన్నపం. భిన్నాల ఛార్టు పక్కన సరైన పద్ధతిని మీరే రికార్డు చేసి పెట్టకండి. ఒకే లెక్కను ముగ్గురు పిల్లలు మూడు దారుల్లో చేసిన తీరు, వాళ్ళ మాటల్లోనే పెట్టండి. పిల్ల ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో మీకు తెలుస్తుంది, తోటి పిల్లలకూ తెలుస్తుంది.

ఏ తెలుగులో మాట్లాడించాలి? పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగులో. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం యాసలో, పాలమూరు పిల్ల పాలమూరు యాసలో, కడప పిల్ల కడప యాసలో. దయచేసి కాగితం మీద రాసిచ్చి చదివించకండి. తడబడినా తన మాటే చెప్పనివ్వండి. వాడుక భాష బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) మన జాతి మనిషి. ఆయనే పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాష నేర్చుకున్నారు, ఆ పిల్లల కోసం బడులు నడిపారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. టేప్ రికార్డరు లేని రోజుల్లో చెవితో విని, కాగితం మీద పెట్టి, అంత పని చేశారు. ఇవాళ ప్రతి టీచరు జేబులోనూ రికార్డరు ఉంది.

అందుకే ఏజెన్సీ ప్రాంతాల ఉపాధ్యాయులను ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. పిల్ల కోయలో, గోండిలో, సవరలో, లంబాడీలో ఆలోచిస్తుంది. గోడ తెలుగులోనో ఇంగ్లీషులోనో అరుస్తుంది. మీకు ఆ భాష రాకపోవచ్చు. గూడెంలోని అక్కకు వచ్చు, పెద్ద తరగతి పిల్లకు వచ్చు. ప్రతి ఛార్టు పక్కన రెండు కోడ్‌లు పెట్టండి, ఒకటి ఇంటి భాషలో, ఒకటి తెలుగులో. మొదటి రోజు బిక్కచచ్చి కూర్చునే ఆ చిన్నపిల్లకు గోడలోంచి తన అమ్మ భాష వినిపిస్తే బడి భయం ఎంత తగ్గుతుందో ఊహించండి. ఇది చేయగలిగి చేయకుండా ఊరుకుంటే మనది ఏ పాటి చదువు?

చూపు సరిగా లేని పిల్లల గురించి కూడా ఆలోచించాలి. ఇన్నేళ్ళూ మన ఛార్టులు వాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. కోడ్ చుట్టూ దారం అంటించి గానీ, గట్టి అట్ట అంచు కట్టి గానీ వేలికి తగిలేలా చేస్తే, ఆ పిల్ల గోడను తడుముకుంటూ వచ్చి తానే వింటుంది. దారానికి ఎంత ఖర్చవుతుంది?

ఇంత చెప్పాక, అడ్డం పడే కష్టాలను దాటవేయను. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వాలా అని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. పిల్లలు ఫోన్ తేనక్కర్లేదు. టీచరు ఫోనో, బడిలో ఉన్న ట్యాబో ఒక్కటి చాలు. నలుగురు పిల్లలు కలిసి గోడ దగ్గరికి వెళ్తారు, నిమిషం వింటారు, ఫోన్ బల్ల మీద పెట్టి పనిలో పడతారు. రికార్డు ఏదీ నిమిషం దాటకూడదు, వింటున్నంతసేపూ వాళ్ళ కళ్ళు ఛార్టు మీదే ఉండాలి.

సిగ్నల్ లేని ఊళ్ళ మాటేమిటి? కోడ్‌లో లింకే ఉండాలని లేదు, నేరుగా వాక్యాలే పెట్టవచ్చు. అప్పుడు నెట్‌వర్క్ అక్కర్లేదు. అతి పెద్ద కోడ్‌లో కూడా 2,953 బైట్లే పడతాయి, తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికే 3 బైట్లు కావాలి, వత్తులూ గుడులూ వేరు. కాబట్టి రెండు మూడు వాక్యాల ప్రశ్నో, పొడుపుకథో సరిపోతుంది. అంతకు మించి కూరితే గళ్ళు సన్నబడి మామూలు ఫోన్ చదవలేదు. ముద్రించేటప్పుడు తెల్ల కాగితం మీద నల్ల రంగే వాడండి, చుట్టూ తెల్ల అంచు వదలండి. మీటరు దూరం నుంచి చదవాలంటే కోడ్ సుమారు 10 సెంటీమీటర్లుండాలి. తయారుచేసేటప్పుడు దోష నివారణను అన్నిటికంటే ఎక్కువ స్థాయిలో పెట్టుకుంటే, దాదాపు 30 శాతం చెడినా కోడ్ పనిచేస్తుంది. వానాకాలపు చెమ్మ గోడలకు అది తప్పనిసరి. పిల్లల కళ్ళ ఎత్తులో అంటించండి, కింద ఏముందో తెలుగులో రాయండి.

అన్నిటికంటే ప్రమాదం బదిలీలది. కోడ్‌ల వెనుకనున్న రికార్డులన్నీ టీచరు సొంత ఖాతాలో ఉంటాయి. ఆ టీచరు బదిలీపై వెళ్తారు, ఖాతా మూతపడుతుంది, గోడ మళ్ళీ మూగబోతుంది. కాబట్టి మొదటి రోజే బడి పేరుతో ఖాతా తెరవండి. దాని వివరాలు ప్రధానోపాధ్యాయుల రిజిస్టరులో ఉండాలి. ఏ కోడ్ ఎక్కడుంది, వెనుక ఏముంది, ఎవరు చేశారు అన్నది అందులోనే రాసుకోండి. ఉచితమని చెప్పి కొన్నాళ్ళకు కోడ్‌ను నిలిపేసే సైట్లు ఉంటాయి, మధ్యవర్తి లేకుండా నేరుగా లింకును మోసే స్థిర కోడ్‌లనే వాడండి.

పిల్లల రక్షణ విషయంలో రాజీ లేదు. ముఖం వద్దు, పూర్తి పేరు వద్దు, ఇంటి గుర్తులు వద్దు. గొంతు రికార్డు చేయడానికైనా తల్లిదండ్రుల సమ్మతి తీసుకోండి. 18 ఏళ్ళలోపు వారి సమాచారం విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరుతున్నదీ అదే. కోడ్ స్కాన్ చేసే ముందు అది ఎక్కడికి తీసుకెళ్తుందో తెర మీద చదవడం పిల్లలకు అలవాటు చేయండి. డబ్బు రావడానికి కోడ్ స్కాన్ చేయనక్కర్లేదని, పిన్ కొట్టనక్కర్లేదని బడిలో నేర్చుకున్న పిల్ల, మోసగాడి ఫోన్ వచ్చిన రోజు ఇంట్లో నాయనమ్మ డబ్బును కాపాడుతుంది.

ఇక ఎవరి వంతు ఏమిటో చెప్పుకుందాం. ప్రధానోపాధ్యాయులారా, వారానికి ఒక్క పీరియడ్ దీనికి వదలండి. ఈ పని బాగా చేస్తున్న టీచరును స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మాట్లాడించండి. పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లులారా, ప్రింటు ఖర్చు గురించి మీరు గట్టిగా అడగండి, ఊరి పెద్దలను రికార్డింగుకు ఒప్పించే బాధ్యత మీరు తీసుకోండి. మీరు పిలిస్తే తాత కాదనడు. డిగ్రీ చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రోజుకు ఎన్నో గంటలు చేతిలో ఉండే ఆ ఫోన్‌తో నెలకు ఒక్క ఆదివారం మీరు చదివిన బడికి రండి. రికార్డు చేయడం, కోడ్ తయారుచేయడం పెద్ద తరగతి పిల్లలకు నేర్పి వెళ్ళండి. విదేశాల్లో ఉన్న తెలుగువారా, మీ పిల్లలు సిలికానాంధ్ర మనబడి వంటి వారాంతపు బడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్నారు. మీ సొంత ఊరి బడి గోడ లింకులు అడిగి తీసుకోండి. మీ పాప పలికే ‘ళ’కు ఊళ్ళోని పాప పలికే ‘ళ’ తోడవుతుంది. ఊళ్ళోని పిల్ల అడిగిన ప్రశ్నకు మీ పాప అక్కడి నుంచి జవాబు రికార్డు చేసి పంపగలదు.

అధికారులకూ ఒక మాట. కోడ్‌ల సంఖ్య లెక్కపెట్టకండి. ఫొటోలు అప్‌లోడ్ చేయమని ఒత్తిడి పెట్టకండి. బడికి వచ్చినప్పుడు మీ ఫోన్ తీసి ఒక్క కోడ్ స్కాన్ చేసి పూర్తిగా వినండి, ఆ పిల్లను పిలిచి మెచ్చుకోండి. ఆ ఒక్క మెప్పు నూరు సర్క్యులర్ల పని చేస్తుంది.

ఆగస్టు 29 గిడుగువారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ప్రతి బడిలో ఒక్క గోడ, ఆ గోడ మీద అయిదు ఛార్టులు, అయిదు గొంతులు ఆ రోజుకు సిద్ధం చేద్దాం. నవంబరు 14 బాలల దినోత్సవం నాటికి ఊరి పటం పూర్తిచేసి ఊరిని బడికి పిలుద్దాం. తల్లిదండ్రులు తమ ఫోన్లతో గోడల వెంట నడవాలి, పక్కనే నిలబడి ఎక్కడ స్కాన్ చేయాలో పిల్లలు చూపించాలి. సభ వద్దు, శాలువాలు వద్దు.

సోమవారం ప్రార్థన అయ్యాక తరగతిలోకి వెళ్ళగానే, పాత ఛార్టుల్లో ఒక్కదాన్ని దింపండి. బల్ల మీద పరిచి పిల్లలను చుట్టూ చేర్చి అడగండి: దీని గురించి మనూళ్ళో ఎవరికి బాగా తెలుసు? వాళ్ళు చెప్పిన పేర్లన్నీ నల్లబల్ల మీద రాయండి. సాయంత్రం గంట కొట్టాక, ఆ వరుసలో మొదటి ఇంటికి నలుగురు పిల్లలతో కలిసి బయల్దేరండి.